ఇన్‌సెప్షన్‌లో హీరో ప్రయాణం ఎవరిది: కాబ్‌దా, ఫిషర్‌దా?

పేజీఅరవై:

జోసెఫ్ క్యాంప్‌బెల్ 1949 నాటి పుస్తకంలో చెప్పిన హీరో ప్రయాణం (ఇల్లు వదిలి, పరీక్షలు దాటి, మారి తిరిగొచ్చే కథ) తాలూకు 17 మజిలీలు ఒకపక్క, వాటిని క్రిస్టఫర్ వోగ్లర్ స్క్రీన్‌ప్లే రాసేవాళ్ల కోసం 12కి కుదించిన పట్టిక ఇంకోపక్క పెట్టుకుని ఇన్‌సెప్షన్‌ని సీన్ల వారీగా విడగొడుతున్నాను. చూడనివాళ్లకి: క్రిస్టఫర్ నోలన్ సినిమా, అందులో కాబ్ జనాల కలల్లోకి దిగి రహస్యాలు దొంగిలించే మనిషి. వ్యాపారి సైటో కోసం, పోటీ కంపెనీ వారసుడు ఫిషర్ మనసులో తండ్రి కంపెనీని విడగొట్టాలన్న ఆలోచనని అతనికి తెలియకుండా నాటాలి, ఆ పని పేరే ఇన్‌సెప్షన్. కాబ్‌ని హీరోగా పెడితే సగం గళ్లు వాటంతటవే నిండుతున్నాయి. మిగతా సగం బలవంతాన అతికించాల్సి వస్తోంది.

కుదరనివి మూడు. ఒకటి, మామూలు ప్రపంచం. సినిమా మొదలయ్యేదే సముద్రపొడ్డున. తర్వాత కోట, అది కల. అందులోంచి లేస్తే ఇంకో కల. అందులోంచీ లేస్తే రైలు. కాబ్ రోజువారీ బతుకు చూపించిన సీనే లేదు. రెండు, గురువు. కాబ్‌కి నేర్పిన ప్రొఫెసర్ మైల్స్ కాసేపు కనబడి, కలల్లో చిక్కుదారులు కట్టడానికి ఆరియాడ్నీ అనే స్టూడెంట్‌ని అప్పగించి పోతాడు. అయినా పిలుపు వచ్చేనాటికే కాబ్ ఆ విద్యలో పండిపోయినవాడు, అతనికి కొత్తగా నేర్పేదేముంది? మూడు, అగ్నిపరీక్ష. చివర్లో తండ్రి మంచం పక్కన ఏడ్చేది ఫిషర్. చచ్చి బతికేది ఫిషర్. మారి బయటికొచ్చేదీ ఫిషరే. అలాంటప్పుడు ప్రయాణం ఎవరిదనాలి?

అడగడానికి కారణం ఉంది. 110 పేజీల స్క్రిప్ట్ ఒకటి నడుస్తోంది. జనాల జ్ఞాపకాలు సరిదిద్దే యంత్రం నడిపే ఒకావిడ కథ. 60వ పేజీలో, తన జ్ఞాపకాల్నే ఎవరో సరిదిద్దారని ఆమెకి తెలుస్తుంది. చదివినవాళ్లు అక్కడిదాకా బాగుందంటున్నారు, ఆ తర్వాత పట్టు పోయిందంటున్నారు. ఏదో గడి తప్పింది. ఏదో దొరకట్లేదు.

గడపదాటి:

మీరు ఒకే పట్టిక గీశారు, చిక్కంతా అక్కడే. ఈ సినిమాకి రెండు కావాలి.

ముందు ఫిషర్‌ది గీయండి, తేలిక. మామూలు ప్రపంచం: తండ్రి శవాన్ని తీసుకుని సిడ్నీ నుంచి లాస్ ఏంజెలెస్ వెళ్తున్న విమానంలో ఫస్ట్ క్లాస్ సీటు. పిలుపు: మొదటి లెవెల్లో (కల ఒక లెవెల్, ఆ కలలో కల ఇంకో లెవెల్) కిడ్నాప్ అయ్యాక, తండ్రికి నమ్మకస్తుడైన బ్రౌనింగ్ వేషంలో ఉన్న ఈమ్స్ (కలల్లో వేషాలు మార్చే కాబ్ బృందం మనిషి) ‘మీ నాన్న ఇంకో వీలునామా రాశాడు, అది బయటికొస్తే కంపెనీ ముక్కలవుతుంది’ అని చెవిన వెయ్యడం. నిరాకరణ: ఫిషర్‌కి అది నమ్మబుద్ధి కాదు, పోయేముందు తండ్రి నోట తను పోల్చుకోగలిగిన మాట ‘నిరాశ’ ఒక్కటే. గురువు: రెండో లెవెల్లో హోటల్ బార్ దగ్గర ఎదురయ్యే మిస్టర్ చార్లెస్, అంటే కాబ్. గడప దాటడం: తుపాకీతో కాల్చుకుని మేలుకోవాలనుకున్నవాడు ఆగి, తనంతట తానే ఇంకో కలలోకి దిగడానికి ఒప్పుకోవడం. గుహ: మంచుకొండ మీది కోట, దాని నడిబొడ్డున ఇనుప గది. చావు: గది ముంగిట మాల్ (చనిపోయిన కాబ్ భార్య, అతని మనసులో మిగిలిన రూపం) కాల్చేస్తుంది. పునర్జన్మ: లింబోలో (అన్నిటికంటే అడుగున ఉండే, ఇరుక్కుంటే బయటపడటం కష్టమైన కల) ఆరియాడ్నీ కిందికి తోసేస్తే, పై లెవెల్లో ఈమ్స్ గుండెకి షాకిచ్చి లేపుతాడు. తండ్రితో సంధి: నువ్వు నాలా ఉండాలని ప్రయత్నించావే, నా నిరాశ అందుకు, అని ఆ తండ్రి అనడం. అమృతం: పెట్టెలో వీలునామాతో పాటు దొరికిన కాగితపు గాలిమర. తిరుగుదారి: మునిగిన వ్యాన్‌లోంచి బయటపడి ఒడ్డున కూర్చుని, నా బతుకు నేను కట్టుకుంటానని ‘బ్రౌనింగ్’తో చెప్పడం.

ఒక్క గడి ఖాళీ లేదు, వరస తప్పలేదు. ఎందుకు తప్పుతుంది? అది జరిగిన కథ కాదు, వర్క్‌షాప్‌లో బోర్డు ముందు నిలబడి అల్లిన కథ. గురువు మోసగాడు, పెద్దదిక్కు మారువేషగాడు. ఆ తండ్రి ఫిషర్ మనసే కల్పించుకున్న రూపం. ఇన్‌సెప్షన్ అనే పని అంటేనే, ఒక మనిషికి తెలియకుండా అతని చేత హీరో ప్రయాణం చేయించడం. మీరు వెతుకుతున్న పట్టిక సినిమా లోపలే ఉంది, పాత్రల చేతుల్లో పనిముట్టుగా.

వాళ్లు నాటాలనుకున్న ఆలోచనని లెవెల్‌కొకటి చొప్పున ఎలా విడగొట్టారో కూడా చూడండి. పైన: నాన్న దారిలో నడవను. మధ్యలో: నాదంటూ ఒకటి నేను కట్టుకుంటాను. అడుగున: నేను తనలా కావడం నాన్నకే ఇష్టం లేదు. పైనుంచి కిందికి వచ్చేకొద్దీ వ్యాపారం తగ్గి బంధం మిగులుతుంది. ‘కంపెనీని విడగొట్టు’ అన్న అసలు పని ఎక్కడా మాటల్లో లేదు. తండ్రి మీద కోపం రేపి అదే పని చేయించొచ్చు కదా అన్న ప్రశ్న కూడా అక్కడే వస్తుంది. సయోధ్య నాటుకున్నంత లోతుగా పగ నాటుకోదని కాబ్ తేల్చేస్తాడు. స్క్రీన్‌ప్లే రాసేవాళ్లకి ఈ ఒక్క సీనే ఒక పాఠం.

ఇక కాబ్ పట్టిక. క్యాంప్‌బెల్ 17 మజిలీలు మూడు భాగాలు: బయల్దేరడం, పరీక్షలు, తిరిగి రావడం. కాబ్ విషయంలో మొదటి రెండూ సినిమా మొదలవకముందే అయిపోయాయి. మాల్‌తో కలిసి లింబోలో 50 ఏళ్లు బతకడం, ఆమె మనసులో ‘ఈ ప్రపంచం నిజం కాదు’ అన్న ఆలోచన నాటడం, రైలు పట్టాల మీద తల పెట్టి మేలుకోవడం, ఆ ఆలోచన మెలకువలోకీ వెంటాడి ఆమె ప్రాణం తీయడం. ఇదంతా ముక్కలు ముక్కలుగా తర్వాత తెలుస్తుంది. తెరమీద నడిచేది మూడో భాగం మాత్రమే. క్యాంప్‌బెల్ ఆ భాగానికి ఆరు మజిలీలిచ్చాడు. వోగ్లర్ వాటిని మూడుకి కుదించాడు. మీరు 12 గళ్ల పట్టిక ముందు పెట్టుకుంటే కాబ్ ఇరుకున పడతాడు. 17 గళ్లది తీసి చివరి ఆరే చూడండి.

తిరిగి రానని మొరాయించడం: లిఫ్టు వేసి అంతస్తులుగా పేర్చుకున్న జ్ఞాపకాలు, రోజూ అందులోకి దిగడం. బయటినుంచి సాయం: ఆరియాడ్నీ, ఆపైన కిక్‌లు (పడేసి, కుదిపి కలలోంచి లేపడం). తిరుగు గడప: ఎయిర్‌పోర్టులో ఇమిగ్రేషన్ కౌంటర్. పాస్‌పోర్టు మీద ముద్ర పడే ఆ కాసేపు ఎంత సాగదీశారో గమనించండి, అక్కడ తుపాకులు పేలవు కానీ కాబ్‌కి సినిమా మొత్తమ్మీద భయం పుట్టించే గడప అదే. రెండు లోకాల మీద పట్టు: ఇతనికి కలల మీద పట్టు ముందునుంచీ ఉంది, కొరవడింది మెలకువ మీద. భయం లేకుండా బతకడం: కలలో అయితే ఆగకుండా తిరుగుతుందన్న బొంగరం తిప్పి, అది పడేదాకా ఆగకుండా పిల్లల దగ్గరికి వెళ్లిపోవడం. పట్టుకున్న సరుకుతో పరుగెత్తే మజిలీ ఒకటుంది, దానికి సీన్ వెతక్కండి. మొంబాసా గల్లీల్లో ఛేజ్‌ని అందులో కూర్చోబెట్టేవాళ్లున్నారు, అది ఉత్త ఛేజే.

మామూలు ప్రపంచం ఎక్కడుంది అన్నారు కదా, సినిమా అంతటా ఉంది. పిల్లలిద్దరూ వీపు తిప్పి ఆడుకుంటూ ఉంటారు, ముఖాలు కనబడవు. ఆ దృశ్యం పదేపదే వస్తుంది. పోగొట్టుకున్నదాన్ని చూపించడం కూడా మామూలు ప్రపంచాన్ని చూపించడమే.

దారంకొస:

గడపదాటి గారి రెండు పట్టికలతో పేచీ లేదు. పద్ధతితోనే కొంచెం ఉంది. ఈ మజిలీలు సాగే రబ్బరు లాంటివి, ఏ కథకైనా తొడగొచ్చు. తొడిగితే సరిపోయింది అన్నంతమాత్రాన ఏదీ రుజువు కాదు. పనికొచ్చే పరీక్ష ఒకటే: ఆ సీన్ తీసేసి చూడండి, ఏం కూలుతుంది?

మైల్స్ సీన్ తీసేయండి. ఆరియాడ్నీని ఇంకోలా పరిచయం చేసుకోవచ్చు, పెద్దగా ఏమీ కూలదు. ఆరియాడ్నీని తీసేయండి. మొత్తం కూలుతుంది. గురువు గడిలో రాయాల్సింది ఆమె పేరు. వయసులో చిన్న, విద్యలో కొత్త, అయినా కాబ్‌కి దారి చూపేది ఆమే. గ్రీకు పురాణంలో థీసియస్ చిక్కుదారుల కోటలోకి దిగుతుంటే, తిరిగి బయటికి రావడానికి దారపు ఉండ ఇచ్చింది ఆరియాడ్నీ. పేరు పెట్టడంలో దాపరికమేమీ లేదు. ఆ పురాణంలో లోపలికి వెళ్లడం కష్టం కాదు, బయటపడటమే కష్టం. అది గుర్తుంచుకుంటే, కాబ్‌ది తిరుగు ప్రయాణమన్న మాటకి బలం వస్తుంది.

ఆమె రెండు ఉద్యోగాలు చేస్తుంది. ఒకటి, ప్రేక్షకుడి తరఫున ప్రశ్నలడగడం. రెండు నిమిషాల్లో, విప్పడానికి ఒక నిమిషం పట్టే చిక్కుదారి గీయమన్న పరీక్షతో మొదలై, టోటెమ్ (కలలో ఉన్నామా మెలకువలోనా అని చూసుకోడానికి ఒక్కొక్కరూ దగ్గరుంచుకునే వస్తువు) దాకా ప్రతి నియమం ఆమె ద్వారానే మనకి చేరుతుంది. రెండోది, కాబ్ దాచిన లిఫ్టులోకి పిలవకుండా దిగడం. మొదటి ఉద్యోగం మాత్రమే ఇచ్చి ఊరుకుంటే ఆ పాత్ర ప్రశ్నలడిగే బొమ్మ అయ్యేది. కథలో నియమాలు అడిగి తెలుసుకునే పాత్ర ఉంటే, హీరో రహస్యం కనిపెట్టే పని కూడా దానికే అప్పగించండి. రెండు పాత్రల ఖర్చు ఒకదానితో పోతుంది.

ఇంకో చూపు కూడా చాలామంది ఎత్తిచూపేదే: ఆ బృందం అచ్చం సినిమా యూనిట్. కాబ్ దర్శకుడు, ఆర్థర్ ప్రొడక్షన్ చూసేవాడు, ఆరియాడ్నీ ఆర్ట్ డైరెక్టర్, ఈమ్స్ నటుడు, సైటో డబ్బు పెట్టినవాడు, ఫిషర్ ప్రేక్షకుడు. ఇది సరదా పోలికే కానీ, ఫిషర్ ప్రయాణం అల్లిన కథ అన్న వాదనకి బాగా అతుకుతుంది.

పేజీఅరవై:

రెండు పట్టికల మాట పనిచేసింది, ఖాళీ గళ్లు పోయాయి. ఇంకో అనుమానం. నాలుగు లెవెళ్లు ఒకేసారి నడుస్తుంటే ‘అగ్నిపరీక్ష’ ఒక్కొక్కరికి ఒక్కోచోట జరుగుతోంది. అయినా జనం తప్పిపోవట్లేదు. నా స్క్రిప్ట్‌లో రెండు పొరలే, అయినా తప్పిపోతున్నారు.

ఇరవైరెట్లు:

తప్పిపోకపోవడానికి కారణం గడియారం. లెక్క వేసి చూడండి.

మామూలు మత్తులో నిజంలో 5 నిమిషాలు, కలలో గంట అని మొదట్లో చెబుతారు. అంటే 12 రెట్లు. బృందంలో మత్తుమందులు కలిపే యూసుఫ్ చేసిన మందుతో అది 20 రెట్లవుతుంది. రెండు అంకెలు పొసగట్లేదని కొందరు తప్పుపడతారు, మందు మారిందని మర్చిపోయి. విమానంలో ప్రయాణం 10 గంటలు. మొదటి లెవెల్లో 10 ఇరవైలు 200 గంటలు, అంటే 8 రోజుల పైచిలుకు. సినిమాలో ‘వారం’ అంటారు. రెండో లెవెల్లో దానికి 20 రెట్లు, దాదాపు 167 రోజులు; ‘ఆరు నెలలు’. మూడో లెవెల్లో ఇంకో 20 రెట్లు, 9 ఏళ్ల పైన, ‘పదేళ్లు’. అన్నీ గుండ్రంగా సవరించిన అంకెలే, లెక్క మాత్రం నిలబడుతుంది.

క్లైమాక్స్‌లో ఇదే లెక్కని చిన్న అంకెలతో మళ్లీ వాడారు. వ్యాన్ వంతెన మీంచి దూకడానికి 10 సెకన్లు. హోటల్లో ఆర్థర్‌కి 3 నిమిషాలు. మంచుకోటలో 60 నిమిషాలు. 10 ఇరవైలు 200 సెకన్లు, 200 ఇరవైలు 4000 సెకన్లు, అంటే 66 నిమిషాలు. ఇంత పెద్ద గందరగోళాన్ని ఒక్క డైలాగ్‌లో ప్రేక్షకుడి చేతిలో పెట్టారు. ఏ లెవెల్‌కి కట్ చేసినా ‘ఇక్కడ ఎంత టైముంది’ అన్నది తెలుసు కాబట్టి, ఎక్కడున్నాం అన్నది వెంటనే తెలుస్తుంది.

గడియారం ఒక్కటే చాలదు. ప్రతి పొరకీ ఒక కార్డు రాసి, దాని మీద నాలుగే నాలుగు సంగతులు పెట్టండి: ఇది ఎవరి కల, చూడగానే గుర్తుపట్టే గుర్తు ఏది, బయటికి తలుపు ఏది, ఎంత టైముంది. ఈ సినిమాకి ఆ కార్డులు ఇలా ఉంటాయి. మొదటిది: యూసుఫ్ కల, వాన, వంతెన మీంచి పడే వ్యాన్, వారం అనుకుంటే గంటలకి కుదించుకుపోయిన టైము. రెండోది: ఆర్థర్ కల, గోధుమరంగు హోటల్, పేలుడు పెట్టిన లిఫ్టు, 3 నిమిషాలు. మూడోది: ఈమ్స్ కల, మంచు, కూలే కోట, 60 నిమిషాలు. వాన, చెక్క గోడలు, తెల్లటి మంచు. మాట వినబడకపోయినా ఏ పొరలో ఉన్నామో ఎవరికైనా తెలుస్తుంది. మీ రెండు పొరలూ ఒకే గదిలో, ఒకే వెలుతురులో నడుస్తున్నాయేమో చూసుకోండి. జ్ఞాపకాల కథల్లో సాధారణంగా జరిగే తప్పు అదే.

రెండో కారణం, నియమాల్ని మూడుసార్లు వాడిన తీరు. ‘కిక్’ తీసుకోండి. మొదట, కాబ్‌ని నీళ్ల తొట్టిలో పడేసి లేపడం. మనకి అర్థం కాదు, చూస్తాం అంతే. తర్వాత వర్క్‌షాప్‌లో కుర్చీతో సహా ఆర్థర్‌ని పడేసి చూపించడం. ఇప్పుడు అర్థమవుతుంది, నవ్వూ వస్తుంది. ఆ తర్వాతే ప్రాణం మీదికొచ్చిన చోట వ్యాన్. ముందు చూపించు, తర్వాత చెప్పు, ఆఖర్న దాంతో ఇరికించు. రచయితలు మొదటి మెట్టు ఎగరగొట్టి నేరుగా చెప్పడంతో మొదలుపెడతారు. అందుకే ఆ సీన్లు క్లాసురూము పాఠాల్లా తయారవుతాయి.

నియమం తిరగబడే చోటు ఇంకా ముఖ్యం. ‘కలలో చస్తే మేలుకుంటాం’ అని మొదటి పది పదిహేను నిమిషాల్లోనే ఆర్థర్‌ని కాల్చి చూపించారు. ఆరియాడ్నీని మాల్ పొడిచినప్పుడు మళ్లీ రుజువైంది. సైటోకి తూటా తగిలాక తిరగబడింది: ఈ మత్తులో చస్తే లింబోలో పడతాం. ఇది క్లైమాక్స్‌లో చెప్పలేదు, పని మొదలైన కాసేపటికే చెప్పేశారు. ఇంకా సగం సినిమా ముందుంది, ఆ కొత్త నియమం కింద నలగడానికి. ఆఖరి పది నిమిషాల్లో నియమం మార్చితే జనం దాన్ని మోసమంటారు. సగంలో మార్చితే మలుపంటారు.

లోపం లేదని కాదు. వ్యాన్ గాల్లో ఉన్నంతసేపూ హోటల్లో బరువు పోతుంది, ఆర్థర్ గోడల మీద తేలుతుంటాడు. మరి హోటల్లో పడుకున్నవాళ్లూ తేలుతున్నారుగా, మంచుకోటలో బరువు ఎందుకు పోలేదు? వ్యాన్ దూకినప్పుడు అక్కడ ఒక హిమపాతంతో సరిపెట్టారు. ఇది సినిమా సొంత నియమానికే గండి. ఫిషర్ కథ ఆ గండి మీద నిలబడలేదు కాబట్టి బతికిపోయారు. ఇలాంటి మినహాయింపు ఒకటి దాటకూడదు, అదీ హీరో నిర్ణయం ఆనుకున్న నియమంలో అసలు ఉండకూడదు.

గడపదాటి:

ఇరవైరెట్లు చెప్పిన గండి దగ్గర చిన్న చేర్పు. లోతుకి వెళ్లేకొద్దీ పై పొర కుదుపులు పలచబడతాయని కొందరు సర్దిచెబుతారు. సినిమాలో ఆ మాట లేదు. సర్దిచెప్పాల్సి వచ్చిందంటేనే గండి ఉన్నట్టు.

తెరచాటు:

ప్రశ్న అడిగినవారి స్క్రిప్ట్ దగ్గరికి వద్దాం, 60వ పేజీ దగ్గరికి.

అక్కడ పట్టు ఎందుకు పోతోందో ఇక్కణ్నుంచే చెప్పొచ్చు. మొదటి 60 పేజీల్లో ఆవిడ ఏదో కోరుకుని ఉంటుంది. ఆ కోరిక ఒక జ్ఞాపకం మీద నిలబడి ఉంటుంది. ఆ జ్ఞాపకమే అబద్ధమని తేలగానే కోరిక కూడా అబద్ధమైపోతుంది. పాఠకుడు 60 పేజీల పాటు దేనికోసం ఆమె వెంట నడిచాడో అది చేతిలోంచి జారిపోయింది. ఇక మిగిలింది ‘ఎవరు చేశారు’ అన్న పజిల్. పజిల్ విప్పుకుంటూ కూర్చుంటారు గానీ ఎవరికోసమూ బెంగపడరు.

ఇదే చిక్కుని మ్యాట్రిక్స్ 1999లో ఎలా దాటిందో చూడండి. అక్కడా మామూలు ప్రపంచం మొత్తం అబద్ధమే. ఆ ప్రపంచంలో హీరో నియో కోరిక మాత్రం నిజం: ఏదో తేడాగా ఉంది, అదేంటో తెలియాలి. ఉద్యోగం అబద్ధం, ఊరు అబద్ధం, తింటున్న తిండి అబద్ధం, ఆ అసహనం ఒక్కటే అసలుది. అందుకే నిజం బయటపడ్డాక కోరిక పోలేదు, ఇంకా పదునెక్కింది.

రెండో సంగతి, నిజం చూపిస్తానంటూ ఇచ్చిన ఎర్ర మాత్రని నియో మింగేది నిజం తెలియకముందు. తెలియకుండా ఎంచుకున్నాడు, ఎంచుకున్నాక తెలిసింది. మీ కథలో నిజం ఆవిడ మీద వచ్చి పడుతోంది, ఆమె ఎంచుకున్నది ఏమీ లేదు. హీరో తలుపు తియ్యకుండా తలుపే వచ్చి హీరోకి తగిలితే గడప దాటినట్టు కాదు. దానికి ముందు అదే సినిమాలో నిరాకరణ కూడా కళ్లముందు జరుగుతుంది: ఆఫీసు కిటికీ బయట అంచు మీద నిలబడి, ముందుకు వెళ్లలేక వెనక్కొచ్చి దొరికిపోతాడు. ఆ పిరికితనం ఉంది కాబట్టే మాత్ర దగ్గర చెయ్యి చాచడానికి విలువొచ్చింది.

మూడోది, నియో బృందంలోని సైఫర్. నిజం తెలిసీ అబద్ధంలోకి తిరిగి పోతానంటాడు. హీరో నోట పలికించలేని శంకలన్నీ అతని నోట పలికించారు. జ్ఞాపకాల కథలో ఇలాంటి పాత్ర తప్పనిసరి. సరిదిద్దిన జ్ఞాపకమే హాయిగా ఉంది, నన్నొదిలేయండి అనే మనిషి. అతను ట్విస్ట్‌కి ముందే, 35-45 పేజీల మధ్య రావాలి. అప్పుడు ఆవిడ అతన్ని తప్పుపట్టాలి, 60లో అదే పరిస్థితి ఆమెకే రావాలి.

ఇక పని. మొదటి 15 పేజీలు తీసి ఆమె కోరికని ఒక్క వాక్యంలో రాయండి. ఆ వాక్యంలో సరిదిద్దిన జ్ఞాపకం పేరు కనబడితే మార్చండి. ‘చనిపోయిన కూతురికి న్యాయం’ లాంటిదైతే, కూతురే లేదని తేలితే అంతా పోతుంది. ‘నా చేతిమీదుగా ఇంకొకరి మనసు చెడకూడదు’ అన్నదైతే ఏ జ్ఞాపకం పోయినా నిలుస్తుంది.

తర్వాత, సరిదిద్దింది ఎవరన్నది. బయటి దుర్మార్గుడైతే ఆమె బాధితురాలు, 60 తర్వాత కథ ఛేజ్ అవుతుంది. ఆమే ఒప్పుకుని సంతకం పెట్టి చేయించుకుంది అయితే కథ ఆమె లోపలికి తిరుగుతుంది. మాల్ చావుకి మూలం కాబ్ చెయ్యే అన్న సంగతి ఇన్‌సెప్షన్‌లో చేసే పని ఇదే. ఇది ఇప్పటికే బాగా అరిగిన మలుపు, ఊరికే వాడితే ముందే పసిగడతారు. మూడు జాడలు ముందు వెయ్యాలి, ప్రతిదానికీ అప్పటికప్పుడు ఇంకో మామూలు కారణం కనబడాలి. ఉదాహరణకి యంత్రం వాడినవాళ్లందరికీ ఏదో ఒక వాసన తెలియకుండా పోతుందని 8వ పేజీలో క్లయింట్ విషయంలో చెప్పండి. 22లో ఆమె కాఫీ మాడిపోయినా పట్టించుకోదు, పని ఒత్తిడి అనుకుంటాం. 41లో ఇంకొకరు ‘గ్యాస్ వాసనొస్తోంది’ అంటే ఆమె అప్పటికి గదిలో పావుగంటగా ఉంటుంది. 60లో వేరే వివరణ అక్కర్లేదు.

ఇక ట్విస్ట్ తర్వాత ఐదు పేజీల్లోపు ఆమె వెనక్కి తీసుకోలేని పని ఒకటి చెయ్యాలి. ఆలోచించడం, అద్దంలో చూసుకోవడం, వానలో నడవడం లెక్కలోకి రావు. ఫైల్ చెరిపేయడం, క్లయింట్‌కి నిజం చెప్పేయడం, తనే కుర్చీలో కూర్చుని యంత్రం ఆన్ చెయ్యడం, ఇలాంటిది. మీ డ్రాఫ్టులో 60 నుంచి 65 దాకా ఆమె చేసిన క్రియాపదాలు మాత్రం వేరుగా రాసి చూడండి. ‘చూసింది, విన్నది, అర్థం చేసుకుంది’ అని వస్తే జబ్బు అక్కడే.

పరీక్షించడానికి స్క్రిప్ట్ మొత్తం ఇవ్వొద్దు. కొత్తవాళ్లకి 60 పేజీలే ఇచ్చి, ‘ఆమెకి ఇప్పుడేం కావాలి’ అని ఒక్క ప్రశ్నకి రాతలో జవాబడగండి. అదే మనుషులకి 75 దాకా ఇచ్చి మళ్లీ అదే ప్రశ్న. రెండు జవాబులూ వేరుగా ఉన్నా పర్లేదు. రెండోది ‘ఎవరు చేశారో తెలుసుకోవాలి’ అని వస్తే మాత్రం ఇంకా కుదరలేదన్నట్టే.

పేజీఅరవై:

క్రియాపదాలు తీశాను. ‘గుర్తు చేసుకుంది’ నాలుగుసార్లు, ‘చూస్తూ ఉండిపోయింది’ రెండుసార్లు. సరే, జబ్బు దొరికింది. సంతకం ఆమెదే అన్న దారి పట్టుకుంటాను. ముగింపులో ఇప్పుడున్న జ్ఞాపకం అసలుదా సరిదిద్దిందా అన్నది తేల్చకుండా వదిలేద్దామనుకుంటున్నా, బొంగరం లాగా. అది చెల్లుతుందా?

దారంకొస:

బొంగరం దగ్గర చాలామంది పొరబడేది ఒకటుంది. అది కాబ్‌ది కాదు, మాల్‌ది. టోటెమ్ బరువు, తీరు సొంతదారుకి తప్ప ఎవరికీ తెలియకూడదు, అందుకే ఆరియాడ్నీ తన చదరంగపు పావుని, ఆర్థర్ తన పాచికని ఇంకొకరి చేతికివ్వరు. కాబ్ మాత్రం చనిపోయిన భార్య వస్తువుతో నిజాన్ని కొలుచుకుంటూ తిరుగుతాడు. లింబోలో ఆమె పెట్టెలో అదే బొంగరాన్ని తిప్పి ఆమె మనసు విరిచింది కూడా తనే. కాబట్టి ఆఖరి షాట్‌లో అది పడుతుందా లేదా అన్నది కలా నిజమా అని తేల్చే ప్రశ్న కానే కాదు. తప్పు చేసిన చెయ్యి ఆ వస్తువుని వదిలేసిందా లేదా అన్నదే లెక్క, దానికి జవాబు తెరమీద ఉంది: వదిలేశాడు. కట్ పడేది ఆ తర్వాత.

తేల్చకుండా వదిలేసే ముగింపు చెల్లాలంటే ఇదే కొలత. లోకం ఏదన్నది తేలకపోయినా, ఆమె ఏం చేసిందన్నది తేలిపోవాలి. ఆమె తన జ్ఞాపకం అసలుదో కాదో చూసుకునే వస్తువు ఏదో ఎంచుకోండి. 10వ పేజీలోపు ఆమె చేతిలో పెట్టండి. సంతకం సంగతి బయటపడ్డప్పుడు ఆ వస్తువు ఎక్కడినుంచి వచ్చిందో కూడా బయటపడాలి. చివరి పేజీలో అది బల్ల మీదే ఉంటుంది, ఆమె గదిలో ఉండదు.

ఇరవైరెట్లు:

వాసన జాడ వాడుతున్నట్టయితే, ఆ వస్తువు వాసనతో ముడిపడింది అవకూడదు. వాసనే తెలియని మనిషి దాంతో చూసుకోలేదు, ఆ గండిని ఎవరో ఒకరు పట్టేస్తారు. చేతికి తగిలేదో, బరువు తెలిసేదో పెట్టండి.